బయటి కాటా

రిపోర్టు ఫోన్‌లోకి వచ్చిన సమయానికి ఇంట్లో ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, రోలుగుంట వైపు ఊరి నుంచి ఆమెను చూడడానికి వచ్చిన మా మావగారు. ఉన్న వస్తువులు: ఆయన తెచ్చిన పచ్చి కందికాయల సంచి, ఒక పళ్ళెంలో ఒలిచిన గింజలు, ఇంకో పళ్ళెంలో తొక్కలు, ఛార్జింగ్‌లో ఉన్న నా ఫోను, నా భార్య దిద్దుతున్న ఐదో తరగతి లెక్కల పేపర్ల కట్ట. టీవీ ఆపేసి ఉంది. చోడవరం మెయిన్ రోడ్డుకు మా ఇల్లు దగ్గర. చెరుకు ట్రాక్టర్ ఏదో వెళ్తుంటే కిటికీ అద్దాలు కదిలాయి.

ఏఎంహెచ్ అన్న చోట 0.6 అని ఉంది. అండాశయంలో ఇంకా ఎన్ని అండాలు మిగిలి ఉన్నాయో సుమారుగా చెప్పే రక్తపరీక్ష అది. నా భార్య వయసు ముప్ఫై రెండు. ఆ వయసుకు ఆ అంకె చాలా తక్కువని పక్కనే నల్లటి అక్షరాలతో రాసి ఉంది. పిల్లల కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాం. అన్ని పరీక్షలూ మామూలుగానే వచ్చాయి, ఇది తప్ప.

నేను చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్ట్‌ని. అంకె చూడగానే దాని అర్థం కంటే ముందు నాకు వేరే ప్రశ్నలు వస్తాయి. శాంపిల్ ఎవరు తీశారు? ఎక్కడ ఉంచారు? ఎంతసేపు ఉంచారు? చెరుకు రసం తీసి వేడిలో వదిలేస్తే అందులో చక్కెర విరిగిపోయి, రీడింగ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. చెరుకు మంచిదే, కాగితం మీద మాత్రం చెడ్డది. నా భార్య రక్తం మా ఊళ్ళోని కలెక్షన్ సెంటర్‌లో తీసి, అక్కడి నుంచి బస్సులో విశాఖ పంపారు. డబ్బాలో ఐస్ ఉందో లేదో నేను చూడలేదు.

"దీన్ని నేను నమ్మను," అన్నాను.

"ఏటంటంది కాగితం?" అని మావగారు అడిగారు.

"గుడ్లు తక్కువున్నాయంట నాన్నా," అంది నా భార్య, పేపర్ల మీంచి తల ఎత్తకుండా.

ఆయన కందికాయ ఒలవడం ఆపారు. "ఎవులు లెక్కెట్టేరు?" అన్నారు.

ఆ ప్రశ్న నా ప్రశ్నే. మా ఇద్దరికీ ఒక విషయంలో కుదరడం అదే మొదటిసారి.

మావగారు చెరుకు రైతు. ఏటా లోడును ఫ్యాక్టరీకి తోలే ముందు, దారిలో ఒక ప్రైవేటు కాటా మీదికి ట్రాక్టర్‌ను ఎక్కించి తూకం వేయిస్తారు. ఆ వైపు రైతులు చాలామంది చేసే పనే అది, బయట కాటా వేయించడం అంటారు. తర్వాత ఫ్యాక్టరీ కాటా చెప్పిన అంకెతో పోల్చుకుంటారు. కొద్దిగా తేడా వస్తుంది. రెండు కాటాలు ఎప్పుడూ ఒకే అంకె చెప్పవు. సీజన్‌కు ముందు పరీక్ష బరువులు పెట్టి మా కాటాను సరిచూసేటప్పుడు నేను పక్కనే ఉంటాను. అది సరిగ్గానే ఉంటుందని ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. "పిల్లనిచ్చేను గానీ బాబూ, కాటాని నమ్మేనని కాదు," అని నవ్వేసేవారు.

ఆ వారంలోనే నేను, నా భార్య విశాఖ వెళ్ళి ల్యాబ్‌లోనే రక్తం ఇచ్చాం. గొట్టాన్ని లోపలికి తీసుకెళ్ళేదాకా నేను కౌంటర్ దగ్గర నిలబడి చూశాను. రెండో అంకె 0.7. అది కొలతలో మామూలుగా వచ్చే తేడా. శాంపిల్ చెడిపోలేదు. నా మొదటి అనుమానం తప్పని తేలింది.

తర్వాత వెళ్ళిన చోటు విశాఖలో ఒక సంతాన సాఫల్య కేంద్రం. హాలు గోడ నిండా పసిపిల్లల ఫొటోలు. వాటి మధ్యలో ఒక బోర్డు, దాని మీద అండాలు తగ్గిన స్త్రీలకు కూడా సక్సెస్ అంటూ ఒక శాతం. ఆ శాతం ఎంతో ఇక్కడ రాయను. అది దేనిలో శాతమో బోర్డు మీద లేదు.

డాక్టర్ యాభై దాటిన ఆవిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఏఎంహెచ్ ఎన్ని అండాలు ఉన్నాయో చెబుతుంది గానీ అవి ఎలాంటివో చెప్పదని, వయసు ముప్ఫై రెండే కాబట్టి ఉన్న కొద్దిపాటి అండాలూ మంచివై ఉండే అవకాశం ఉందని వివరించింది. ఆలస్యం చేసే కొద్దీ అవి ఇంకా తగ్గుతాయి. ఒకసారి సొంత అండాలతో ప్రయత్నించవచ్చు, కుదరకపోతే దాత ఇచ్చిన అండంతో చేయవచ్చని చెప్పింది.

"ముందు నావే చూడండి మేడమ్," అంది నా భార్య. "దాత సంగతి ఇప్పుడొద్దు." ఆ మాట అనేటప్పుడు ఆమె రెండు చేతులూ బ్యాగు మీద బిగించి పెట్టుకుంది. ఆమెకు కావలసింది అదొక్కటే అని, అది దొరకకపోవచ్చని కూడా ఆమెకు తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

నేను బోర్డు సంగతి అడిగాను. ఆ శాతం మొదలుపెట్టిన అందరిలోనా, పిండం గర్భంలో పెట్టేదాకా వచ్చినవాళ్ళలోనా? సక్సెస్ అంటే టెస్టు పాజిటివ్ రావడమా, బిడ్డ పుట్టడమా? సొంత అండాలవేనా, దాత అండాలవి కూడా కలిపారా?

డాక్టర్ నా వైపు కాకుండా నా భార్య వైపు చూసింది. "మీ వారు ఏం చేస్తారమ్మా?"

"చక్కెర ఫ్యాక్టరీలో ల్యాబండీ."

"అదీ సంగతి," అని నవ్వి, నాతో అంది. "అన్నీ కలిపిన లెక్కే అది. ప్రకటన కోసం పెట్టింది. మీ ఆవిడ వయసు, ఈ అంకె, సొంత అండం, ఈ మూడూ కలిసినవాళ్ళు మా దగ్గర కొద్దిమందే. అంత చిన్న గుంపు మీద శాతం చెబితే మీలాంటివాళ్ళే నన్ను తప్పు పడతారు."

జవాబు సూటిగా ఉంది. అయినా నా అనుమానం తగ్గలేదు. సూటిగా మాట్లాడితే నమ్ముతారని తెలిసినవాళ్ళు కూడా సూటిగానే మాట్లాడతారు.

అక్కడి పని బ్యాచ్‌లుగా జరుగుతుంది. అండాలను, పిండాలను చూసే నిపుణుడు హైదరాబాద్ నుంచి వచ్చి కొన్ని రోజులు ఉండి వెళ్తాడు. ఆయన వచ్చే రోజులకు సరిపడేలా కొందరు ఆడవాళ్ళకు ముందు నుంచే మాత్రలు ఇచ్చి, అండాలు పెంచే ఇంజక్షన్లు ఒకే సమయంలో మొదలుపెడతారు. నా భార్య బ్యాచ్‌లో ఏడుగురు. అందరికీ అండాలు తక్కువే. హాల్లో పక్కపక్కన కూర్చునేవాళ్ళు.

అందులో ఒకావిడది చీడికాడ. ముప్ఫై ఎనిమిదేళ్ళు. మొదటి రోజే నా భార్యకు దగ్గరైంది.

"ఏ ఊరమ్మా మీది?"

"చోడవరం."

"మాది చీడికాడ. అయితే ఒకే బస్సన్నమాట. మా ఆయన్ని సూడు, ఇంజక్షన్ నాకు, మూలుగు ఆయనికి." ఆవిడ భర్త మొహమాటంగా నవ్వాడు. తర్వాత ఆవిడ కన్ను నా మీద పడింది. "ఏటి తమ్ముడూ, గోడకేసి అలా సూస్తన్నావు? ఆ పిల్లలికి పరీచ్చలెడతావేటి?"

"అందులో ఎవరు ఎలా పుట్టారా అని చూస్తున్నాను అక్కా."

"ఏడుసుకుంటా పుట్టుంటారు. మరెలా పుడతారు?"

నా భార్య చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

ఇంజక్షన్లు నడుస్తున్నన్నాళ్ళూ స్కానింగ్‌లు ఉంటాయి. అండం పెరిగే చిన్న నీటి సంచిని ఫాలికిల్ అంటారు. స్కానింగ్‌లో ఆ సంచులే కనిపిస్తాయి, అండం కనిపించదు. ఎన్ని సంచులు పెరుగుతున్నాయో, ఎంత సైజుకు వచ్చాయో కొలుస్తారు. ఆఖరి స్కానింగ్ దగ్గరపడుతుండగా మావగారు చెరుకు కోత వదిలేసి మా ఇంటికి వచ్చారు.

"బాబూ, ఓసారి బయట కాటా ఏయించేద్దాం," అన్నారు.

"లోడుని కాదు నాన్నా నేను," అంది నా భార్య.

"లోడువి కావు కాబట్టే. లోడైతే పోతే పోయిందనుకుంతాను. నీకే ఏయించాల."

నేను ఆయన్ని ఆపాల్సింది. ఆపలేదు. రెండో కొలత లేని మొదటి కొలతను మా ల్యాబ్‌లో నేను ఒప్పుకోను. నా భార్య కూడా చివరికి సరేనంది. ఆమె ఎందుకు ఒప్పుకుందో అప్పుడు నాకు తెలియలేదు. చాలా నెలల తర్వాత చెప్పింది: ఇంకో సంచి ఎక్కువ కనబడుతుందేమోనని.

ముగ్గురం అనకాపల్లిలో ఒక స్కానింగ్ సెంటర్‌కు వెళ్ళాం. సంచులు ఐదు అన్నారు. మరునాడు విశాఖలో నాలుగు అన్నారు. మావగారు హాల్లోనే నా చెవి దగ్గరికి వంగి, "సూసేరా?" అన్నారు. గెలిచినవాడి గొంతు అది. నేను తేడా ఎందుకు రావచ్చో చెప్పబోయాను. చెప్పడం మొదలుపెట్టాక, నేను చెబుతున్నవన్నీ మా కాటా గురించి ఆయనకు ఏళ్ళుగా చెబుతున్న మాటలేనని తెలిసింది. సగంలో ఆపేశాను.

అండాలు తీసిన రోజు ఏడుగురినీ ఒకరి తర్వాత ఒకరిని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను లోపలికి చూశాను. మూతపెట్టిన గొట్టాలు ఒక కిటికీలోంచి పక్క గదిలోకి వెళ్తున్నాయి. ఆ గది అండాల ల్యాబ్. బయటివాళ్ళకు ప్రవేశం లేదు. ఒకే ఉదయం, ఒకే ల్యాబ్‌లోకి ఏడుగురి అండాలు. ఈ విషయం నాకు నచ్చలేదు. మా ల్యాబ్‌లోనైతే ఒకే బల్ల మీద ఏడు తోటల రసం పెట్టినప్పుడు ఏ సీసా ఎవరిదో మూడుసార్లు చూస్తాను. ఇక్కడ చూసేది ఎవరో నాకు తెలియదు.

నర్సు వచ్చి మా అంకె చెప్పింది. మూడు.

చక్కెర తయారీలో ప్రతి దశలోనూ కొంత పోతుంది. పిప్పిలో కొంత, మడ్డిలో కొంత. అవి కొలవగలం. కొలతకు దొరకకుండా పోయేది ఇంకొంత ఉంటుంది. దాన్ని లెక్కకు రాని నష్టం అని రాస్తాం. రాసేది నేనే. అది దొంగతనం కాదని, ఆవిరిలోనో కడుగుళ్ళలోనో పోయిందని నాకు తెలుసు. అయినా నాలుగుకు మూడు అనగానే నా తలలోకి వచ్చింది ఆవిరి కాదు, ఆ కిటికీ.

మావగారు అదే మాట నోటితో అన్నారు. "మనది ఇంకెవులికైనా ఎల్లిపోలేదు గదా?" అంటూ వరండాలో ఉన్న మిగతావాళ్ళ వైపు చూశారు.

ఎదురు బెంచీ మీద చీడికాడ ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. ఆమె భర్త చేతిలో కొబ్బరిబొండాం పట్టుకుని నిలబడ్డాడు, ఆమె తాగడం లేదు.

"ఎన్నొచ్చేయమ్మా?" అని మావగారు అడిగారు. నిజంగానే లెక్క చూద్దామని అడిగారు.

"సున్నా బాబూ," అంది ఆవిడ. "రెండు సంచులు. రెండూ కాళీ."

మావగారు వెళ్ళి ఆ భర్త చేతిలోంచి బొండాం తీసుకుని, "తాగమ్మా. తాగాల. ఒంట్లో నీరుండాల," అని తనే ఆమె నోటి దగ్గర పెట్టారు.

ఆ సాయంత్రం కారులో చోడవరం వచ్చేశాం.

తర్వాత ఫోన్లు వచ్చాయి. మూడు అండాల్లో రెండు ఫలదీకరణం చెందాయి. ఆ రెండిట్లో ఒకటి మధ్యలో ఎదగడం ఆగిపోయింది. గర్భంలో పెట్టడానికి పనికొచ్చే పిండం ఒక్కటి. రమ్మన్నారు. ముగ్గురం వెళ్ళాం.

డాక్టర్ బల్లకు ఇవతల మావగారు కూర్చోలేదు. నిలబడే మాట్లాడారు.

"అమ్మా, నాను సదువుకోలేదు. ఓ మాటడుగుతాను. అనకాపల్లిలో ఐదన్నారు. మీరు నాలుగన్నారు. తీసినేళకి మూడన్నారు. ఫోన్లో రెండన్నారు. ఇప్పుడొచ్చేసరికి ఒకటంతన్నారు. ఇంకో రెండ్రోజులాగితే ఏటంటారు?"

"పెద్దాయనా, సంచి ఉన్నంత మాత్రాన అందులో అండం ఉండాలని లేదు. అనకాపల్లిలో చూసిన ఐదోది చిన్న నీటిబుడగ అయి ఉండొచ్చు. ప్రతి దశలోనూ కొన్ని ఆగిపోతాయి. ఇది అందరికీ..."

"కాటా కాడా అంతే, మట్టి తీసేసేం, ఆకు తీసేసేం, తడి తీసేసేం అంతారు. ఇదే మాట నలబయ్యేళ్ళ బట్టీ ఇంతన్నాను నాను." ఆయన నన్ను చూపించారు. "ఈయన్నడగండి. ఈయనిదీ అదే ఉజ్జోగం."

డాక్టర్ ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "మీకు మా మీద నమ్మకం లేకపోతే ఒక దారుంది. ఆ పిండాన్ని గడ్డకట్టించి ట్యాంకులో పెట్టి ఇస్తాం. మీకు నమ్మకమున్న ఇంకో చోటికి తీసుకెళ్ళండి. కరిగించేటప్పుడు, ప్రయాణంలో ఏమైనా జరిగితే మాత్రం మా బాధ్యత ఉండదు. ఉన్నది ఒక్కటే. అది మర్చిపోకండి."

నేను వెంటనే హైదరాబాద్ దూరం గురించి ఆలోచించాను. ట్యాంకులో ద్రవ నైట్రోజన్ ఎంత ఉండాలో, కారులో కుదుపులకు అది ఒలుకుతుందో లేదో, మూత దగ్గర ఉష్ణోగ్రత ఎలా కొలవాలో ఆలోచించాను. నిజం చెప్పాలంటే నాకు ఆ ఆలోచన నచ్చింది. అలాగైతే అది మా కళ్ళ ముందు ఉంటుంది.

"నాన్నా," అంది నా భార్య. "ఏటా బయట కాటా ఏయిస్తావు కదా?"

"ఆఁ."

"ఏటా తేడా వచ్చిందంటావు కదా?"

"వస్తాది మరి."

"వచ్చిన తర్వాత లోడు ఏటి చేస్తావు?"

ఆయన కండువా సర్దుకున్నారు.

"సెప్పు నాన్నా. ఒక్క ఏడైనా లోడు ఎనక్కి తోలుకొచ్చేవా?"

"ఎలా తెస్తానమ్మా? కోసేసిన చెరుకు. ఎండిపోదూ?"

"మరి?"

మావగారు అప్పుడు కుర్చీలో కూర్చున్నారు.

ఆమె నా వైపు తిరిగింది. "మీరేటంటారు? హైదరాబాద్ దారి లెక్కేస్తన్నారు కదా?"

అవునన్నాను.

"అది నాది. నాలోంచి తీసింది. ఎంత దూరం తిప్పాలో నేను చెప్తాను." డాక్టర్‌తో అంది, "ఇక్కడే పెట్టండి మేడమ్. ఎప్పుడు రమ్మంటారు?"

నేను ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను. ఆ పిండం మాదేనని మాకు ఎలా తెలుస్తుంది? ప్రతి దశలోనూ ఇద్దరు మనుషులు పేరు, నంబరు పైకి చదివి సరిచూసుకుంటారని డాక్టర్ చెప్పింది. ఆ ఇద్దరూ అలసిపోయిన రోజున ఏమవుతుందని నేను అడగలేదు. నా భార్య నా మోచేయి పట్టుకుని ఉంది, గట్టిగా.

పిండాన్ని లోపల పెట్టే రోజు ఆమె ముందున్న తెర మీద ఒక గుండ్రటి మసక ఆకారం కనిపించిందట. నన్ను కూడా పిలిచారు గానీ నేను వెళ్ళేసరికి తెర ఖాళీ అయింది. ఆమె చూసింది, నేను చూడలేదు. కాబట్టి ఆ విషయంలో నా దగ్గర సాక్ష్యం ఆమె మాట ఒక్కటే.

టెస్టు పాజిటివ్ వచ్చింది. నేను దాన్ని సక్సెస్ అనలేదు. స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనిపించినప్పుడూ అనలేదు. ఐదో నెలలో, ఏడో నెలలో మా వీధివాళ్ళు ఆమె నడక చూసి ఆడపిల్లనీ మగపిల్లాడనీ పందేలు వేసుకుంటున్నప్పుడూ అనలేదు. నా భార్య ఒకరోజు స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "మీరెప్పుడు ఒప్పుకుంటారో ముందే చెప్పండి, ఆ రోజు నేను సెలవు పెట్టుకుంటాను," అంది.

పాప పుట్టింది. మావగారు ఆసుపత్రిలో పాపను తువ్వాలులోంచి కొద్దికొద్దిగా బయటికి తీసి పరిశీలించారు. చేతివేళ్ళు, కాళ్ళు, నుదురు, చెవులు. చెవుల దగ్గర ఆగారు. "మాయమ్మ చెవులు," అన్నారు. "ఇదిగో, ఈ మడత. మాయమ్మకి ఇలాగే ఉండేది." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆయన వరకు లెక్క సరిపోయింది.

నాకు సరిపోలేదు. పుట్టిన పిల్లల చెవులు చాలావరకు అలాగే ముడుచుకుని ఉంటాయి. ఆయన వాళ్ళమ్మ ఫొటో ఒక్కటే ఉంది, అందులో చెవుల మీదికి కొంగు ఉంది. పాపకు మూడో నెల వచ్చాక ఒకరోజు డీఎన్ఏ పరీక్ష మాట ఎత్తాను. నా భార్య పాపకు నూనె రాస్తోంది. చెయ్యి ఆపలేదు.

"నేనడగను," అంది. "మీకు కావాలంటే చేయించుకోండి. ఏటొచ్చిందో నాకు మాత్రం చెప్పొద్దు."

ఇంతవరకు చేయించలేదు. చేయించనని కూడా అనలేదు.

ఈ మధ్య, పాపకు ఏడాది నిండాక, ఆ కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. కొత్త బ్యాచ్ కోసం ఒక ఆదివారం సమావేశం పెడుతున్నారు. అండాలు తక్కువ ఉన్నా సొంత అండంతో తల్లి అయినవాళ్ళు వచ్చి నాలుగు మాటలు చెబితే ధైర్యంగా ఉంటుందన్నారు. నేను వద్దన్నాను. మన పాప ఫొటో ఆ గోడ మీదికి ఎక్కడానికి ఇది దారి అన్నాను. నా భార్య వెళ్తానంది.

"నన్ను ఎవరైనా లెక్క అడిగితే?" అంది. "మీరు ఆ రోజు అడిగినట్టు. నేనేం చెప్పాలి?"

అది సరైన ప్రశ్న. మిగతా ఆరుగురి ఫోన్ నంబర్లూ ఆమె దగ్గర ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని అందరికీ ఫోన్ చేసింది. సమావేశంలో అంకె మాత్రమే చెబుతానని, పేర్లు చెప్పనని ముందే చెప్పి అడిగింది. ఒకావిడకు సొంత అండంతో బాబు పుట్టాడు. ఒకావిడకు పాజిటివ్ వచ్చి మూడో నెలలో పోయింది. ఒకావిడకు పిండం దాకా రాలేదు. ఒకావిడ ఇంజక్షన్ల మధ్యలోనే మానేసిందని, అండాలు తీసిన రోజు వచ్చింది కూడా వేరే పరీక్షకని అప్పుడే తెలిసింది. ఒకావిడ ఫోన్ ఎత్తలేదు. మూడుసార్లు చేసినా ఎత్తలేదు.

చీడికాడ ఆవిడ మొదటి రింగుకే ఎత్తింది. వెనక పిల్లాడి కేకలు.

"మాకు గుంటడే," అంది. "దాత గుడ్డుతో. నానేటీ దాయను. మా అత్తకి తప్ప అందరికీ తెలుసు, మా అత్తకి తెలిసినా ఇనబడదు."

నా భార్య ఫోన్ స్పీకర్‌లో పెట్టి సమావేశం సంగతి, పక్కన నేను కాగితం మీద గడులు గీసి లెక్క రాస్తున్న సంగతి చెప్పింది.

"ఓహో, తమ్ముడింకా లెక్కల్లోనే ఉన్నాడా? తమ్ముడూ, నన్ను ఏ గడిలో ఏసేవు?"

"రెండు గడులు పెట్టాను అక్కా. సొంత అండం ఒకటి, దాత అండం ఒకటి."

"రెండు గడులేటి నీ మొహం! మోసింది నాను. కోసింది నన్ను. ఈడు కొరికింది సూడు, ఇక్కడ, ఆ దాతని కొరికేడేటి? అది ఏ గడిలో రాస్తావు?"

"మీ బిడ్డ కాదనడం లేదు అక్కా. కానీ వాళ్ళు బోర్డు మీద అన్నీ కలిపేస్తే, కొత్తగా వచ్చేవాళ్ళు మోసపోతారు కదా."

పిల్లాణ్ణి ఎవరికో ఇచ్చిన చప్పుడు వినిపించింది.

"అదీ నిజమేలే," అంది. "నాకు ముందే ఎవులైనా ఇడమరిచి సెప్పుంటే, ఆ కాళీ సంచుల కోసం రెండేళ్ళు తిరగకపోదును. సరే, రాసుకో. సెప్పండి, నా సంగతి కూడా సెప్పండి. ఊరు సెప్పినా పర్లేదు. చీడికాడలో ఆడదాన్ని నానొక్కర్తినేటి?"

సమావేశం రోజున హాలు వెనక వరుసలో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య చీర మీద పాప కక్కిన మరక ఉంది, తుడిచినా పోలేదు. ఆమె ఇంజక్షన్ల గురించి, స్కానింగ్‌ల గురించి, ఒక్క పిండం గురించి చెప్పింది. చప్పట్లు కొట్టారు. డాక్టర్ పక్కన కూర్చుని ఉంది.

మధ్య వరుసలోంచి ఒకావిడ లేచింది. భర్త ఆమె కొంగు లాగి కూర్చోమంటున్నాడు. ఆమె కూర్చోలేదు.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. మీతోపాటు ఎంతమంది మొదలెట్టేరు? ఆళ్ళల్లో ఎంతమందికయ్యింది?"

నా భార్య నా వైపు చూడలేదు, డాక్టర్ వైపూ చూడలేదు. తరగతిలో పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఏడుగురం మొదలెట్టేం. ఒకరి సంగతి నాకు తెలీలేదు. ముగ్గురికి బిడ్డలున్నారు. ఒక బిడ్డ దాత అండంతో. సొంత అండంతో ఇద్దరికి, అందులో నేనొకర్తిని."

ఈసారి చప్పట్లు లేవు. లేచిన ఆవిడ కూర్చుని, వేళ్ళ మీద ఏదో లెక్క చూపిస్తూ భర్తకు చెప్పింది. డాక్టర్ మైకు తీసుకోలేదు. ఆవిడ మాస్కు పెట్టుకుని ఉంది. ముఖంలో ఏముందో నాకు తెలియలేదు. కోపమో, ఊరటో, లేక మేం ఇలాగే చెబుతామని తెలిసే పిలిచిందో. ఆ మూడో మాట ఇప్పటికీ నా తలలో ఉంది.

భోజనాల తర్వాత కౌంటర్ దగ్గర కొత్త బ్యాచ్‌కు పేర్లు రాశారు. పాప నిద్రపోయింది కాబట్టి నేను కదలకుండా కూర్చుని చూశాను. హాలుకు వచ్చిన జంటలు పదకొండు. పేరు రాయించుకున్నవి తొమ్మిది.